ఇంజను చక్రానికి చెయ్యి వేసేదెవరు?

పిల్లలూ, మీ ఇంట్లో గాని, మీ వీధి చివర టైలరు దుకాణంలో గాని కాలితో తొక్కే కుట్టుమిషను ఉంటే, ఇది చదవబోయే ముందు ఒక్కసారి దాని దగ్గరికి వెళ్ళి చూసి రండి. మిషను ముందు కూర్చున్నవారు మొట్టమొదట ఏం చేస్తారు? పాదాలు కింది పలక మీద పెడతారు. కాని వెంటనే తొక్కరు. కుడి చెయ్యి పైకెత్తి, పక్కనున్న చిన్న చక్రాన్ని ఒక్క తిప్పు తమవైపు తిప్పుతారు. ఆ తరువాతే కాళ్ళు ఆడిస్తారు. ఇక చెయ్యి అక్కరలేదు. మిషను గడగడా నడుస్తుంది. ఆ ఒక్క తిప్పు మరిచిపోయారో, ఒక్కొక్కప్పుడు పలక కదలనే కదలదు; ఒక్కొక్కప్పుడు చక్రం వెనక్కు తిరిగి దారం చిక్కు పడుతుంది.

నేను ఉపాధ్యాయుడుగా చేరిన కొత్తలో, 1986లో, ఏడవ తరగతికి సామాన్యశాస్త్రం చెబుతూ ఉండేవాణ్ణి. ఒకరోజున ఆవిరి యంత్రం పాఠం నడుస్తున్నది. ఆ రోజుల్లో మా స్టేషనుకు ఇంకా ఆవిరి ఇంజన్లే వచ్చేవి కనుక పిల్లలందరికీ అవి తెలుసు. వెనక బల్ల మీది నుంచి ఒక కుర్రవాడు లేచాడు. అతని తండ్రి టైలరు.

"మాష్టారూ, మా నాన్న మిషను తొక్కబోయే ముందు చక్రానికి చెయ్యి వేస్తాడండి. మరి రైలింజను చక్రానికి చెయ్యి ఎవరు వేస్తారండీ?" అని అడిగాడు.

క్లాసంతా గొల్లున నవ్వింది. నేను కూడా నవ్వాను. "రైలింజనూ, కుట్టుమిషనూ ఒకటేమిట్రా? కూర్చో!" అన్నాను. అతను కూర్చున్నాడు.

నిజం చెప్పాలంటే, జవాబు నాకు తెలియదు. కొన్ని నెలల తరువాత గ్రంథాలయంలో ఒక పుస్తకం తిరగేస్తూ ఉంటే అది కనబడింది. రైలింజనూ, కుట్టుమిషనూ ఈ విషయంలో అచ్చంగా ఒకటేనట! కాని అప్పటికి ఆ కుర్రవాడు బడి మానేసి తండ్రి దుకాణంలో కాజాలు కుడుతున్నాడు. ఆ దుకాణం ముందు నుంచే నేను రోజూ బడికి వెళ్ళేవాణ్ణి. ఆగి చెప్పడానికి రెండు నిమిషాలు చాలును. అయినా ఆగలేదు.

పోయిన సంక్రాంతి సెలవుల్లో మా మనుమరాలినీ, వాళ్ళ అమ్మమ్మనూ వెంటబెట్టుకుని నీలగిరి కొండల మీద నడిచే చిన్న రైలు చూడబోయినప్పుడు ఈ సంగతంతా మళ్ళీ జ్ఞాపకం వచ్చింది.

చెన్నైలో రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి మెట్టుపాళయం చేరుతాము. కోయంబత్తూరుకు ఉత్తరంగా, కొండల అడుగున ఉన్న ఊరు అది. అక్కడ పెద్ద రైలు దిగి, అదే స్టేషనులో చిన్న రైలు ఎక్కాలి. పట్టాల మధ్య దూరం ఒక మీటరు మాత్రమే. ఈ దారి మెట్టుపాళయం నుంచి ఊటీ దాకా, అనగా ఉదకమండలం దాకా, 46 కిలోమీటర్లు. మెట్టుపాళయం సముద్రమట్టానికి 326 మీటర్ల ఎత్తున ఉంటే, ఊటీ స్టేషను 2,203 మీటర్ల ఎత్తున ఉన్నది. దీన్ని కట్టడం 1891లో మొదలుపెట్టారు. 1899లో కూనూరు దాకా బండి నడిచింది. 1908లో ఊటీ చేరింది. 2005లో యునెస్కోవారు దీన్ని ప్రపంచ వారసత్వ సంపదలో చేర్చారు. వానల కాలంలో కొండచరియలు విరిగిపడి బండి తరచు ఆగిపోతుంది కనుక, మీరు వెళ్ళదలిస్తే ముందుగా కనుక్కుని వెళ్ళండి.

"తాతయ్యా, ఇంజను వెనక తగిలించారేమిటి? మరిచిపోయారా?" అన్నది మా మనుమరాలు.

మరిచిపోలేదు. ఈ ఇంజను బండిని లాగదు, కింది నుంచి పైకి నెడుతుంది. ఎక్కే దారిలో పెట్టెల మధ్య కొక్కెం ఊడితే పెట్టెలు వెనక్కు దొర్లిపోకుండా, ఇంజను వాటి కింద నిలబడి ఉంటుంది. అంతేకాదు, ప్రతి పెట్టె ముందు వరండాలోనూ ఒక బ్రేకు మనిషి జెండాతో నిలబడి ఉంటాడు. కొండ దారిలో ఇటువంటి జాగ్రత్త ఎంత ఉన్నా ఎక్కువ కాదు.

ఇక ఇంజను దగ్గరికి వద్దాము. ఇది స్విట్జర్లాండులోని వింటర్‌థూర్ అనే ఊళ్ళో తయారైన రకం. అక్కడి నుంచి ఈ రకం ఇంజన్లు 1914 తరువాత రావడం మొదలై, చివరివి 1952లో వచ్చాయి. ఇటీవల వీటి నమూనాలోనే మన తిరుచ్చి దగ్గర పొన్మలై రైల్వే వర్క్‌షాపులో కొత్తవి తయారు చేశారు. మామూలు ఆవిరి ఇంజనుకు ఒక్కొక్క పక్క ఒక్కొక్క సిలిండరు సాధారణం. దీనికి ఒక్కొక్క పక్క రెండు, ఒకదాని మీద ఒకటి. నాలుగు ఎందుకో తరువాత చెబుతాను. ముందు ఒక్క సిలిండరు సంగతి చూద్దాము.

సిలిండరు అంటే ఇనుప గొట్టం. అందులో బిగుతుగా పట్టే ఒక ఇనుప బిళ్ళ ఉంటుంది. దాన్నే పిస్టను అంటారు. మా చిన్ననాటి పుస్తకాల్లో ముషలకం అని రాసేవారు. ఆవిరి ఒకవైపు నుంచి వస్తే పిస్టను ఇటు కదులుతుంది. రెండోవైపు నుంచి వస్తే అటు కదులుతుంది. ముందుకు, వెనక్కు, ముందుకు, వెనక్కు! సిలిండరులో ఆవిరికి ఇంతకంటే ఏమీ చేత కాదు. అది తోయగలదు గాని తిప్పలేదు. బండికి కావలసినదేమో గుండ్రంగా తిరిగే చక్రం.

తిన్నటి కదలికను గుండ్రటి కదలికగా మార్చేది క్రాంకు. చక్రానికి నడిమధ్యన గాక, కాస్త ఎడంగా ఒక మేకు ఉంటుంది. పిస్టనుకూ, ఆ మేకుకూ మధ్య ఒక పొడుగాటి ఇనుప కడ్డీ. కడ్డీ తోస్తే మేకు చుట్టూ తిరుగుతుంది. మేకుతోపాటు చక్రమూ తిరుగుతుంది. కుట్టుమిషను కింద కూడా సరిగ్గా ఇదే ఉన్నది. కాలిపలక పైకీ కిందికీ ఊగుతుంది, దాని నుంచి ఒక సన్నటి కడ్డీ పెద్ద చక్రానికి పోతుంది. మన పొలాల్లో నీళ్ళు తోడే ఆయిల్ ఇంజనులోనూ ఇదే. కారులో, లారీలో, మోటారు సైకిలులో కూడా ఇదే, కాకపోతే లోపల కనపడకుండా ఉంటుంది.

ఇంత చిన్న ఉపాయం కోసం ఒకప్పుడు పెద్ద తగాదా జరిగిందంటే నమ్ముతారా? జేమ్స్ వాట్ ఆవిరి యంత్రాన్ని బాగుచేసినప్పుడు, దాని పని గనుల్లో నీళ్ళు తోడడం. పంపుకు పైకీ కిందికీ ఊపితే చాలు. కాని మిల్లుల వాళ్ళకు తిరిగే చక్రం కావాలి. రాట్నాల్లోనూ, కాలితో తిప్పే లేతుల్లోనూ క్రాంకు ఎప్పటినుంచో ఉన్నదే. అయినా 1780లో బర్మింగ్‌హాములో జేమ్స్ పికార్డ్ అనే ఆయన ఆవిరి యంత్రానికి క్రాంకు తగిలించే హక్కు తన పేర పేటెంటు తీసుకున్నాడు. వాట్‌కు ఒళ్ళు మండింది. ఆయనకు డబ్బిచ్చి వాడుకోవడం ఇష్టంలేక, 1781లో వేరే దారి చూపించాడు. కడ్డీ చివర ఒక పళ్ళ చక్రం, ఇరుసు మీద ఇంకొక పళ్ళ చక్రం. ఇది దాని చుట్టూ ప్రదక్షిణం చేస్తుంది. సూర్యుడు, గ్రహం అని దానికి పేరు. రెండు చక్రాలకూ పళ్ళు సమానంగా ఉంటే, గ్రహం ఒక్కసారి చుట్టి వచ్చేసరికి ఇరుసు రెండుసార్లు తిరుగుతుంది. 1788 నాటి అటువంటి యంత్రం లండను సైన్సు మ్యూజియంలో ఉన్నది. పికార్డ్ పేటెంటు గడువు 1794లో తీరిపోగానే మళ్ళీ అందరూ క్రాంకే వాడసాగారు. నా మట్టుకు నాకు, రాట్నంలో ఉన్నదానికి పేటెంటు ఇవ్వడమే తప్పనిపిస్తుంది. కాని ఆ తప్పు జరగకపోతే సూర్యుడూ గ్రహమూ పుట్టేవి కావేమో!

ఇప్పుడు ఆ కుర్రవాడి ప్రశ్నకు వద్దాము. మీ ఇంటి తలుపును బందుల దగ్గర వేలు పెట్టి, బందులవైపుకే నెట్టి చూడండి. ఎంత బలంగా నెట్టినా తెరుచుకోదు. క్రాంకుకూ అటువంటి చోట్లు రెండున్నాయి. మేకు పూర్తిగా ముందుకు వచ్చినప్పుడు ఒకటి, పూర్తిగా వెనక్కు పోయినప్పుడు ఒకటి. ఆ రెండు చోట్లా కడ్డీ, మేకు, ఇరుసు ఒకే గీత మీద ఉంటాయి. కాబట్టి తోపు అంతా పోయి ఇరుసును గుద్దుతుంది గాని, చక్రం వీసమెత్తు తిరగదు. దీనికి ఇంగ్లీషులో డెడ్ సెంటర్ అని పేరు. మనం చచ్చిన చోటు అనుకుందాము. చక్రం ఒకసారి తిరగడం మొదలుపెట్టాక ఫరవాలేదు, దాని ఊపే దాన్ని ఆ చోటు దాటిస్తుంది. ఆయిల్ ఇంజనుకు అంత బరువైన చక్రం పెట్టేది చాలావరకు అందుకే. చిక్కంతా ఆగి ఉన్నప్పుడే. కుట్టుమిషను ఆగిన చోటు చచ్చిన చోటైతే, చేత్తో తిప్పి దాటించాలి. ఎటు తిరగాలో కూడా ఆ చెయ్యే చెబుతుంది. మరి నలభై, యాభై టన్నుల ఇంజను వెళ్ళి వెళ్ళి సరిగ్గా చచ్చిన చోటే ఆగితే? అందులోనూ కొండ మధ్యన?

ఏడు గంటలు దాటాక మా బండి కదిలింది. కల్లార్ దాకా సుమారు ఎనిమిది కిలోమీటర్లు, వక్కతోటల మధ్య, మామూలు బండిలాగానే పోయింది. కల్లార్ దగ్గర బాగా నెమ్మదించింది. అక్కడి నుంచి పట్టాల నడుమ మరొక వస్తువు మొదలవుతుంది. నిచ్చెన మెట్లలాగా పళ్ళు కోసిన రెండు ఇనుప పట్టీలు, పక్కపక్కన. ఒక పట్టీలో పన్ను ఉన్నచోట రెండోదానిలో సందు ఉంటుంది. కార్ల్ రోమన్ ఆబ్ట్ అనే స్విట్జర్లాండు ఇంజనీరు ఈ పద్ధతి కనిపెట్టాడు. 1885లో జర్మనీలోని హార్ట్స్ కొండల్లో దీన్ని మొదట వాడారు. మన దేశంలో పళ్ళపట్టీ మీద నడిచే రైలు ఇదొక్కటే.

ఎందుకీ పట్టీ? కల్లార్ నుంచి కూనూరు దాకా సుమారు 20 కిలోమీటర్లలో దారి ఎంత నిటారంటే, పన్నెండు మీటర్లు ముందుకు పోతే ఒక మీటరు పైకెక్కాలి. నున్నటి ఇనుప చక్రం నున్నటి ఇనుప పట్టా మీద అక్కడ జారిపోతుంది. కాబట్టి ఇంజను కడుపు కింద ఉన్న పళ్ళ చక్రాలు ఈ పట్టీని పన్ను పన్నుగా పట్టుకుని ఎక్కుతాయి. పట్టీలు రెండూ పన్నుకు సందుగా ఉండబట్టి, ఒక పన్ను వదిలే వేళకు ఇంకొక పన్ను పట్టుకునే ఉంటుంది.

నాలుగు సిలిండర్ల రహస్యం ఇదే. కింది రెండూ మామూలు చక్రాలను తిప్పుతాయి. పై రెండూ పళ్ళ చక్రాలను తిప్పుతాయి. మెట్టుపాళయం నుంచి కల్లార్ దాకా కింది రెంటికే పని. కల్లార్ దాటాక ఆవిరి ముందు కింది సిలిండర్లలో పని చేసి, బయటికి పోకుండా పై సిలిండర్లలోకి వెళ్ళి, మిగిలిన బలంతో అక్కడ రెండో పని చేస్తుంది. చెరుకును రెండోసారి గానుగలో పెట్టి మిగిలిన రసం తీసినట్టు. చూశారా పిల్లలూ, ఆవిరి తిన్నగా తోసింది. క్రాంకు దాన్ని గుండ్రం చేసింది. పళ్ళ చక్రం పళ్ళపట్టీ మీద దొర్లి మళ్ళీ దాన్ని తిన్నటి దారి చేసింది. మేము పెట్టెలో కూర్చుని వంతెనలూ, సొరంగాలూ లెక్కపెడుతున్నాము. ఈ మొత్తం దారిలో 250 వంతెనలు, 16 సొరంగాలు, 208 మలుపులు ఉన్నాయి. మా మనుమరాలు సొరంగాలు లెక్కపెట్టగలిగింది గాని, వంతెనల దగ్గర లెక్క తప్పింది. పళ్ళపట్టీ మీద వేగం గంటకు 13 కిలోమీటర్లకు మించదు కనుక, పక్కన లోయలోకి తొంగిచూడడానికి కావలసినంత తీరిక. వాళ్ళ అమ్మమ్మ మాత్రం ఒక్కసారి చూసి, మళ్ళీ చూడలేదు.

హిల్‌గ్రోవ్ అనే స్టేషనులో ఇంజను నీళ్ళు తాగడానికి ఆగింది. అందరూ టీ తాగడానికి దిగారు. కోతులు కూడా వచ్చాయి. చేతిలో వడ ఉన్నవారు జాగ్రత్త! మేమిద్దరం ఇంజను దగ్గరికి పోయాము. ఒక ఉద్యోగి పొడుగు ముక్కు డబ్బాతో కీళ్ళలో నూనె పోస్తున్నాడు. మాకు వచ్చిన నాలుగు తమిళ ముక్కలతో, అటుపక్కకు వెళ్ళి చూడవచ్చునా అని అడిగాను. ఆయన మా మనుమరాలిని చూసి నవ్వి, తనే చెయ్యి పట్టుకుని అటుపక్కకు తీసుకుపోయాడు. (ఎవరూ చెప్పకుండా మీ అంతట మీరు ఇంజను చుట్టూ తిరగకండి.) నేను ఇటుపక్కన ఉండిపోయాను.

కింది సిలిండరు కడ్డీ వెంట చూపు పోనిచ్చాను. ఏమి చిత్రం! మేకు పూర్తిగా ముందుకు వచ్చి ఆగి ఉన్నది. కడ్డీ, మేకు, ఇరుసు ఒకే గీత. చచ్చిన చోటు!

"అమ్మాయీ, నీవైపు మేకు ఎక్కడున్నది? ముందా, వెనకా?" అని కేకవేశాను.

"ముందూ కాదు, వెనకా కాదు, తాతయ్యా! నెత్తిన ఉన్నది!" అన్నది అటుపక్క నుంచి.

పుస్తకంలో చదివినదే. అయినా ఆ కేక వినేసరికి నాకు ఒళ్ళు ఝల్లుమన్నది. కుడి ఎడమ చక్రాలు ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి గదా. వాటి మేకులను ఎదురెదురుగా పెట్టరు. ఒకదానికంటే ఒకటి పావు చుట్టు ముందు ఉండేటట్టు పెడతారు. ఒకవైపు మేకు చచ్చిన చోట ఉంటే, రెండోవైపు మేకు నెత్తిన గాని, అడుగున గాని ఉంటుంది. తోపుకు ఎక్కువ బలం ఉండే చోటు దాదాపు అదే. కాబట్టి ఇంజను ఎక్కడ ఆగినా ఏదో ఒక పక్క దాన్ని కదిలించగలదు. కుడిచక్రానికి చెయ్యి వేసేది ఎడమపక్క సిలిండరు. ఎడమచక్రానికి చెయ్యి వేసేది కుడిపక్క సిలిండరు. ఇక ముందుకా, వెనక్కా అన్నది డ్రైవరు చేతిలోని మీట నిర్ణయిస్తుంది. పిస్టనుకు ఏ వైపు ఆవిరి ముందు పోవాలో ఆ మీట చెబుతుంది.

మీరు ఇంట్లోనే దీన్ని చేసి చూడవచ్చు. రెండు డబ్బా మూతలు తీసుకుని, ఒక వెదురు పుల్ల రెండు కొసలకూ నడిమధ్యన గట్టిగా బిగించండి. ఒక్కొక్క మూత అంచు దగ్గర ఒక్కొక్క మేకు గుచ్చండి. ఒకటి పైన ఉంటే రెండోది ముందు ఉండాలి. పుల్లను రెండు దారపు ఉచ్చులలో వేలాడదీసి, ఒక మేకును మాత్రమే ఒక పుల్లతో ముందుకూ వెనక్కూ తోయండి. ఎక్కడ మొరాయిస్తుందో చూసి, అప్పుడు రెండో మేకును తోయండి. మేకు మొనలు పెద్దవారిచేత వంచించండి.

పన్నెండు దాటకముందే కూనూరు చేరాము. అక్కడితో పళ్ళపట్టీ అయిపోతుంది. నేను బల్ల మీద కూర్చుని, ఆ పాత విద్యార్థికి ఫోను చేశాను. నా చొక్కాలు ఇప్పటికీ అతనే కుడతాడు. కొలతలు తీసుకుంటూ ఎన్నో కబుర్లు చెప్పుకున్నాము గాని, ఈ సంగతి ఎప్పుడూ నా నోట రాలేదు.

"ఏడవ తరగతిలో నన్నొక ప్రశ్న అడిగావు, జ్ఞాపకం ఉన్నదా?" అన్నాను.

కాసేపు మాట లేదు. "ఉన్నదండి. అందరూ నవ్వారు" అన్నాడు.

జవాబు చెప్పాను. అతను మధ్యలో రెండుసార్లు ఆపి అడిగాడు. మేకులు పావు చుట్టే ఎందుకు, సగం చుట్టు ఎడంగా పెడితే ఏమని. సగం చుట్టు పెడితే రెండూ ఒకేసారి చచ్చిన చోటికి వస్తాయని అతనే మళ్ళీ చెప్పుకున్నాడు. నేను ఎనిమిదవ తరగతి పిల్లలకు చెప్పినా ఇంత త్వరగా అందుకునేవారు కారు. ఆ తరువాత, "మాష్టారూ, ఇప్పుడు కొట్లో మిషన్లన్నిటికీ మోటార్లు పెట్టానండి. మోటారు పుట్టుకతోనే గుండ్రంగా తిరుగుతుంది, దానికి క్రాంకుతో పని లేదు. నాన్న మిషను ఒక్కటే కాలితో తొక్కేది" అన్నాడు. "మీరు రాగానే కొట్టుకు రండి, దాని ముందు కూర్చుని మాట్లాడుకుందాము" అని ఫోను పెట్టేశాడు.

ఈలోగా మా ఇంజనును తప్పించి, ఊటీకి పోయే డీజిలు ఇంజనును తెచ్చి తగిలించారు. అక్కడి నుంచి దారి అంత నిటారుగా ఉండదు కనుక పళ్ళు అక్కరలేదు. మా మనుమరాలు దాని చుట్టూ చూసి పెదవి విరిచింది. కడ్డీలు లేవు, మేకులు లేవు, అంతా రేకు పెట్టె. లోపల ఆరు సిలిండర్లు వరసగా ఉంటాయనీ, ఒకటి చచ్చిన చోట ఉంటే తక్కినవి లాగుతాయనీ చెప్పాను.

"మరి ఆరూ ఆగిపోయి ఉన్నప్పుడు, మొట్టమొదట వాటికి చెయ్యి వేసేదెవరు తాతయ్యా?" అన్నది.

ఇద్దరం కలిసి డ్రైవరుగారి దగ్గరికి నడిచాము. ఆయన చేతిలోని టీ గ్లాసు పక్కన పెట్టి, కిందికి దిగి, ఇంజను పక్కన ఉన్న ఒక రేకు తలుపు తెరిచాడు. లోపల వరసగా బ్యాటరీలు ఉన్నాయి.